అల్సీ తేల్‌కీ సబర్ కావాలి

సాలూరు అంటే లారీలు. బాడీ కట్టే షెడ్ల పక్కన నడిస్తే కొత్త రంగు వాసన గుప్పుమంటుంది. డబ్బా మీద సింథటిక్ ఎనామిల్ అని ఉన్నా, లోపలి రెజిన్ నూనెతో చేసిందే. ఒకప్పుడు యూరప్ ముసవ్విర్లు అల్సీ తేల్, అంటే అవిసె నూనెలో కలిపి వేసిన రంగులు ఎలా ఆరాయో, మన లారీ రంగూ అలాగే ఆరుతుంది.

తడి బట్ట ఆరితే నీళ్లు గాలిలో కలిసిపోతాయి. అవిసె నూనె ఎక్కడికీ పోదు. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడుతుంది. అందుకే ఆరేటప్పుడు మొదట్లో బరువు పెరుగుతుంది! అఖ్రోట్ నూనె, ఖస్‌ఖస్ నూనె కూడా ఇంతే. మన కొబ్బరి నూనెకు ఆ తాసీర్ లేదు. ఎన్నాళ్లుంచినా జిడ్డే.

ఈ హునర్‌ని 15వ శతాబ్దపు వాన్ ఐక్ కనిపెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ గుహల్లో, సుమారు 7వ శతాబ్దపు బౌద్ధ చిత్రాల్లోనే ఆరే నూనెలు వాడారని 2008లో తేలింది.

నూనె ఆరడానికి రోజులు పడుతుంది. అంత సబర్ లేనివాళ్లు ముర్దార్‌సంగ్, అంటే సీసపు ఆక్సైడ్ వేసి కాచేవారు. ఆ నూనెలో హకీంల దుకాణంలో దొరికే రూమీ మస్తగీ వార్నిష్ కలిపితే జెల్లీలా అయ్యేది. దాని పేరు మెగిల్ప్. కుంచెకి హాయి, కంటికి మెరుపు. ఏళ్లు గడిచాక మాత్రం నల్లబడి, పగుళ్లిచ్చేది. ఇలాంటి తజ్రుబాలు చేసిన ఇంగ్లాండు చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ బొమ్మలు కొన్ని ఆయన బతికుండగానే పాడయ్యాయి.

బొమ్మ పాడైతే మళ్లీ వేసుకోవచ్చు. మనిషి సంగతేంటి? సీసం పిల్లల మెదడుకి జహర్. 2016 నాటి ఖానూన్ ప్రకారం ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదు. అది ఇంటి రంగులకే. లారీ మీది పాత పసుపు రంగులో లెడ్ క్రోమేట్ ఉండొచ్చు.

అందుకే మన రంగ్‌సాజ్ భాయీలకు నా గుజారిష్. పాత రంగుని పొడిగా గీకకండి, తడిపి గీకండి. దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునే ముందు చేతులు సబ్బుతో కడగండి. బట్టలు మార్చుకున్నాకే బిడ్డని ఎత్తుకోండి. ఇంకోమాట: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరే వేడి లోపలే పోగై వాటంతటవే అంటుకోగలవు. విడివిడిగా బయట పరచండి, లేదా నీళ్లున్న ఇనప డబ్బాలో వేయండి.