నాన్న పద్యాలూ, కొబ్బరి పీచు పరుపులూ

మా నాన్నకి డెబ్భై ఆరేళ్ళు. వయసులో ఉన్నప్పుడు తీర్థాల్లో నాటకాలాడేవారు, ఎక్కువగా కృష్ణుడి వేషం. చిలకమర్తి వారి గయోపాఖ్యానం పద్యాలు ఇప్పటికీ చాలా వరకు నోటికొచ్చు. గొంతు మాత్రం మూడో పద్యానికల్లా దగ్గులోకి దిగిపోతోంది. అందుకే మొన్న వేసవిలో అంబాజీపేట దగ్గర మా ఊరు వెళ్తూ, హైదరాబాద్ నుంచి మంచి మైకొకటి మోసుకెళ్ళాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఏ సమస్యొచ్చినా ముందు ఏదో ఒకటి కొనేస్తాం :)

రికార్డు చేసి వింటే నాన్న నూతిలోంచి పాడుతున్నట్టుంది.

తప్పు మైకుది కాదు, గదిది. మేడ మీద గది పొడవు పదడుగులు, వెడల్పు పదడుగులు, ఎత్తూ పదడుగులే. కింద టైల్సు, పైన శ్లాబు. ఇంతకన్నా చెడ్డ రికార్డింగు గది కావాలని కట్టినా రాదు. పదడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య శబ్దం సుమారు 56 హెర్ట్జ్ దగ్గర, మళ్ళీ దానికి రెట్టింపు 113 దగ్గర ఆగకుండా మోగుతుంది. మూడు కొలతలూ ఒకటే కాబట్టి ఆ మోతలన్నీ ఒకే చోట పోగుపడతాయి. మగవాళ్ళు మాట్లాడే స్వరం మామూలుగా 85 నుంచి 155 హెర్ట్జ్ లోపు. అంటే పద్యానికి ముందు నాన్న చెప్పే వచనం మీదే ఆ 113 ఎక్కి కూర్చుంది.

"అనపర్తి నుంచి కోడిగుడ్ల అట్టలు తెప్పించనా?" అన్నాడు తమ్ముడు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. పల్చటి అట్ట పై స్థాయి శబ్దాన్ని కాస్త చెదరగొడుతుందేమో గానీ, 113 హెర్ట్జ్ అల పొడవు మూడు మీటర్లు. దాన్ని పీల్చాలంటే అందులో పావు వంతైనా, అంటే రెండున్నర అడుగుల మందం కావాలి. పైగా నిప్పంటుకుంటే అంతే సంగతులు.

మందం ఎక్కడ దొరుకుతుంది? కోనసీమలో ఉండి ఆ ప్రశ్న అడగడానికి సిగ్గుండాలి. కొబ్బరి పీచు! పాత పీచు పరుపులు నాలుగు మడిచి రెండు మూలల్లో పేర్చాం. బూరుగు దూది పరుపులు రెండు గోడలకి, అరడుగు ఎడం వదిలి, నిలబెట్టాం. అసలు కిటుకు ఇంకోటి. గది నడిమధ్య ఆ 113 మోత గట్టిగా ఉంటుంది, గోడకి పావు దూరంలో దాదాపు ఉండదు. పావంటే రెండున్నర అడుగులు. నాన్నని ఆ రెండు గోడలకీ రెండున్నర అడుగుల్లో చాప మీద కూర్చోబెడితే, నోరు కూడా నేలకి ఇంచుమించు అంతే ఎత్తులో ఉంది. మోత సగానికి పైగా పోయింది, పైసా ఖర్చు లేకుండా.

బయటి శబ్దం మాత్రం పరుపులతో ఆగదు. దానికి బరువైన గోడ కావాలి, సందులు మూసెయ్యాలి. మాకు కరెంటు కోతే సౌండ్‌ప్రూఫింగు! ఫ్యానూ, ఫ్రిజ్జూ, పక్కింటి మోటారూ ఒక్కసారే ఆగేవి. నాన్న చెమటలు కక్కుతూ పాడేవారు.

మా పాత మండువా ఇంట్లో ఈ బాధేమీ ఉండేది కాదు. ఏటవాలు పెంకు కప్పు, మధ్యలో ఆకాశం, చావిట్లో ధాన్యం బస్తాలు. శబ్దానికి నిలబడే చోటే లేదు. పాతబడిందని పడగొట్టించి ఈ డాబా కట్టించింది నేనే.

శుభ్రంగా వచ్చిన రికార్డింగు వినిపిస్తే నాన్న మొహం చిట్లించారు. "ఏవిట్రా, గొంతు బోడిగా ఉంది! ముందుదే బావుంది, స్టేజీ మీద పాడినట్టుంది" అన్నారు. మోత తర్వాత కలుపుకోవచ్చు గానీ, ఒకసారి పడిన మోతని తియ్యలేం నాన్నా అని చెప్పాను. నమ్మలేదు.

పదకొండు పద్యాలయ్యాయి. పన్నెండోదాంట్లో మూడో పాదం ఆయనకి గుర్తు రావట్లేదు. పుస్తకం తెచ్చిస్తానంటే వద్దంటారు. అప్పట్లో హార్మోనియం వాయించినాయన కాకినాడలో ఉన్నారట, ఫోన్ చేసి కనుక్కుంటారట. పరుపులు తియ్యొద్దని అమ్మకి చెప్పి వచ్చాను.