సేవకు చదువేల?

మేము బి.ఏ. తరగతిలో సాంఘిక సేవాశాస్త్రమును పాఠ్యవిషయముగా నెంచుకొన్న దినమున మా నాయనమ్మ నవ్వి, "అన్నం పెట్టడానికి పట్టా కావాలిటే?" అని యడిగెను. ఆమె యడుగదగినదే. రాజమహేంద్రవరమున ఆమె వంటయింట వారములు చేసికొని చదువుకొన్న బాలురు పలువురు గలరు. వారిలో ఎవరికి కారము పడదో, ఎవరికి పెరుగు లేనిదే ముద్ద దిగదో ఆమెకు నేటికిని జ్ఞాపకమే. ఆ విద్యను ఆమెకెవరును నేర్పలేదు. ఏ విశ్వవిద్యాలయమును పట్టా నీయలేదు. కనుక మేము బదులు చెప్పలేక యూరకుంటిమి. ఇప్పుడు మా చదువు ముగిసినది. ఆ ప్రశ్నకు మాకు దొరకిన సమాధానమును, అది దొరకుటకు ముందు మేము చేసిన తప్పును దాపరికము లేక చదువరులకు చెప్పదలచితిమి.

సేవ చదువునకంటె ముందు పుట్టినదనుట నిజము. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు వారికి దారి చూపుటకు ఏ కళాశాలయు లేదు. తమ ధైర్యమును, భార్య రాజ్యలక్ష్మమ్మగారి తోడ్పాటును వారికి బలము. అయినను సేవకు చదువు కావలెనను తలంపు సేవ చేసినవారి యనుభవమునుండియే పుట్టినది. లండను నగరమున దాతలకు కొదువ లేకున్నను, ఒకే యింటికి నలుగురు సాయపడుటయు, పొరుగింటికి ఒక్కరును సాయపడకుండుటయు చూచి, 1869లో ధర్మకార్యములను క్రమపరచుటకు ఒక సంఘమును స్థాపించిరి. 1889లో జేన్ ఆడమ్సు చికాగో నగరపు పేదల పేటలో హల్ హౌస్ అను గృహమును నెలకొల్పి, ఆ పేటవారి నడుమనే నివసించెను. కష్టములోనున్న కుటుంబపు స్థితిగతులను వైద్యుడు రోగిని పరీక్షించినంత శ్రద్ధతో తెలిసికొనవలెనని మేరీ రిచ్మండు 1917లో ఒక గ్రంథమే వ్రాసెను. మన దేశమున ఈ విద్యకు మొదటి పాఠశాల 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేర వెలసినది. అదియే 1944లో టాటా సాంఘికశాస్త్ర సంస్థ యను పేరు దాల్చినది.

తెలుగువారికి మరియొక యుదాహరణము చాలును. దుర్గాబాయమ్మగారు రాజమహేంద్రవరమున పుట్టి, ఎనిమిదేండ్ల ప్రాయముననే పెండ్లికూతురైరి. పెద్దయైన పిమ్మట ఆ బంధమును వదలుకొని, చదివి, న్యాయవాదియైరి. 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి యధ్యక్షురాలైరి. వారియందు దయ యెంత గలదో చదువును అంతయే కలదు. ఒకటి రెండవదానికి అడ్డు రాలేదు.

ఇక మా చదువు సంగతి. వారమున నాలుగు దినములు తరగతిగదిలోను, రెండు దినములు పేటలోను గడచెడివి. ఒక్క మనిషితో పనిచేయు రీతి వేరు, ఒక గుంపుతో పనిచేయు రీతి వేరు, ఒక పేటయంతటితో పనిచేయు రీతి వేరు అని నేర్పిరి. పేటనుండి తిరిగి వచ్చిన రాత్రి, చూచినదియు విన్నదియు మాత్రమేకాక తాము పలికినది సైతము పుస్తకమున వ్రాయవలెను. వారమునకొకమారు ఉపాధ్యాయిని యెదుట కూర్చుండి, వ్రాసిన ప్రతి మాటకును సంజాయిషీ చెప్పవలెను. సాయము కోరినవారితో మెలగుటకు ఫెలిక్స్ బీస్టెక్ అను నతడు 1957లో ఏడు సూత్రములను చెప్పియున్నాడు. ప్రతి మనిషిని ప్రత్యేకముగా చూచుట, మనసులోని మాట చెప్పుకొననిచ్చుట, మన యుద్వేగమును అదుపులో నుంచుకొనుట, ఉన్నవారిని ఉన్నట్లు స్వీకరించుట, తీర్పు తీర్చకుండుట, తమ నిర్ణయమును తామే చేసికొననిచ్చుట, చెప్పిన రహస్యమును కాపాడుట అనునవి యా యేడు. వీనిని మేము పరీక్షలో తప్పు లేకుండ వ్రాసితిమి. మంచి మార్కులును వచ్చినవి. ఆ మార్కులు ఏపాటివో రెండవ సంవత్సరమున తెలిసినది.

ఆ యేడు మమ్మును హైదరాబాదులో నొక బస్తీకి పంపిరి. పాలమూరు ప్రాంతమునుండి వలస వచ్చిన కూలీలు అచ్చట కాపురముండిరి. తెల్లవారకముందే లేచి, ఆడవారును మగవారును అడ్డాకు పోయి, మేస్త్రీ పిలుపుకొరకు నిలుచుండెడివారు. పిలుపు వచ్చిన దినము కూలి, రాని దినము పస్తు. అంగన్‌వాడీ కేంద్రము మాకు నెలవు. దాని ప్రక్కయింటి తల్లి మమ్మును "బిడ్డా" యని పిలిచి, ఎండలో వచ్చితిమని ముందుగా చెంబుతో నీళ్లిచ్చి, ఆ తరువాతనే మాటలాడెడిది. ఆమె పెద్దకూతురు పదవ తరగతి చదువుచుండెను. పదునారేండ్లు ఇంకను నిండలేదు.

ఒకనాటి సాయంకాలము ఆ బాలిక మమ్మును సందు చివరకు పిలిచి, "అక్కా, వచ్చే నెల నా లగ్గం పెట్టుకున్నరు. నేను చెప్పిన్నని ఎవ్వరికీ చెప్పకు" అనెను. మేము చెప్పమని మాట యిచ్చితిమి. ఇంటికి వచ్చి 2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టమును మరల చదివితిమి. కన్యకు పదునెనిమిదేండ్లు, వరునికి ఇరువదియొకటి నిండవలెనని యందు స్పష్టముగా నున్నది. మరునాడు ఆ బాలికకు చెప్పక, ఉపాధ్యాయిని నడుగక, 1098 అను సంఖ్యకు ఫోను చేసి సంగతి తెలిపితిమి. అధికారులు వచ్చిరి. తలిదండ్రులచేత పత్రము వ్రాయించుకొని పోయిరి. పెండ్లి ఆగినది. ఆ రాత్రి మేము గర్వముతో నిదురించితిమని చెప్పుటకు నేడు సిగ్గుపడుచున్నాము.

తరువాతి వారము ఆ యింటికి పోగా, తల్లి గుమ్మమునకు అడ్డముగా నిలిచెను. నీళ్ల చెంబు రాలేదు. "మేడం, మీ పని అయిపోయిందిగద. ఇంక మా ఇంటికెందుకు?" అనెను. "బిడ్డా" యన్న నోటినుండి "మేడం" అను మాట వినుట మాకు చెంపదెబ్బవలె తోచెను. మేము చట్టమును గూర్చి యేదియో చెప్పబోయితిమి. ఆమె వినక, "పొద్దుగాల అడ్డ మీదికి పోతే చీకటి పడ్డంక వస్తం. పోరి ఒక్కతే ఉంటది. తలుపుకు గొళ్లెం సుత సక్కగ లేదు. రేపు ఏమన్నయితే ఎవరు అడుగుతరు? నువ్వు కావలుంటవా?" అని యడిగెను. మాకు బదులు తోచలేదు. ఆమె వెనుక, చీకటిలో, బాలిక కూర్చుండియుండెను. ఆ వారమంతయు ఆమెను బడికి పంపలేదు. బస్తీలో మాతో ఒంటరిగా మాటలాడినది ఆమె యొక్కతియే గనుక, గుట్టు చెప్పినదెవరో ఇంటివారికి వెంటనే తెలిసిపోయినది. ఆమె మావైపు తలయెత్తి చూడలేదు.

ఆ రాత్రి మేము పదునొకండు పుటలు వ్రాసితిమి. ఫోను చేసిన వేళయు, అధికారులు వచ్చిన వేళయు, చట్టములోని సెక్షన్లును అన్నియు అందుండెను. ఉపాధ్యాయిని అంతయు చదివి, అంచున ఎఱ్ఱపెన్సిలుతో రెండే ప్రశ్నలు వ్రాసిరి: "పిల్లకు ముందుగా చెప్పితిరా? తల్లి భయమేమి?" మేము మౌనముగా నుంటిమి. అప్పుడు వారిట్లనిరి: "తెలుపుట తప్పు కాదు, తెలుపకుండుటయే తప్పయ్యెడిది. కాని నీవు నిలుపుకొనలేని మాట యిచ్చితివి. నీకు హాని కలిగించు సంగతిని నాలోనే దాచుకొనలేను, ఎవరికి చెప్పినను నీకు తెలిపియే చెప్పుదును అని ఆ సందులోనే ఆ బాలికతో అనవలసినది. అప్పుడు దెబ్బలు తినకుండ ఆమెను కాపాడుటకు మనమొక యుపాయమును చూచియుందుము." రహస్యమును కాపాడుట యను సూత్రమును మేము వ్రాసియుంటిమి. దానికి హద్దు కలదనియు, ఆ హద్దును మొదటనే చెప్పవలెననియు తరగతిలో వినియుంటిమి. వినుట వేరు, ఆ చీకటిలో కూర్చున్న బాలికను చూచుట వేరు.

పెండ్లిని ఆపుటకు ఒక దినము పట్టినది. ఆ బాలికను మరల బడిలో నిలుపుటకు రెండు నెలలు పట్టినది. మొదట అంగన్‌వాడీ టీచరుగారి యెదుట ఆ బాలికను క్షమాపణ కోరితిమి. ఆమె యేమియు అనలేదు. పిమ్మట ఐదు వారములు ఆ గుమ్మము ముందుకు పోయి, పలుకరించి, తిరిగి వచ్చితిమి. ఆరవ వారమున తల్లి, "కూసో" అనెను. ఆనాడు మేము చట్టపు మాట యెత్తలేదు. ఆమె భయమును విన్నాము. ఆమె కోరినది కూతురికి కాపుగల చోటు. పెండ్లి యొక్కటియే అట్టి చోటని ఆమె యెరుగును. మరియొక చోటు కలదని ఆమెతో ఎవరును చెప్పలేదు, మేమును చెప్పలేదు.

బాలికలకై 2004లో ప్రారంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములలో వసతియు చదువును ఉచితము. అట్టిదానిలో చోటుకొరకు తిరిగితిమి. బడి మార్పు పత్రము, కుల ధ్రువపత్రము, ఆధారు కాగితము కావలసివచ్చెను. తండ్రి ఆ పనికి తిరిగిన దినమెల్ల కూలి పోవును గనుక, సంతకము కావలసినచోటికి మాత్రమే ఆయనను పిలిచి, మిగిలిన తిరుగుడు మేమే తిరిగితిమి. తుదకు తల్లిని వెంటబెట్టుకొని బడి చూపించితిమి. ఆమె తరగతిగదులను చూడలేదు. ప్రహరీగోడ యెత్తును చూచెను. కావలివానితో మాటలాడెను. పిల్లలు పడుకొను గది తలుపు గొళ్లెమును తన చేత వేసి, తీసి, మరల వేసి చూచెను. అటుపిమ్మట కాగితముపై వేలిముద్ర వేసెను.

ఆ బాలిక పదవ తరగతి ఉత్తీర్ణురాలైనది. తల్లి మాకు మిఠాయి పెట్టి, "పద్దెనిమిది నిండినంక చేస్త. అప్పుడొచ్చి ఆపకు బిడ్డా" అనెను. మేము నవ్వితిమి. పదునెనిమిది నిండిన తరువాత కూతురినే యడుగుమని మాత్రము చెప్పితిమి.

మన చట్టములు మంచివే. 1929లో చేసిన శారదా చట్టము కన్య వయస్సును పదునాలుగనెను. 1949లో అది పదునైదైనది, 1978లో పదునెనిమిదైనది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయస్సుగల స్త్రీలలో తెలంగాణమున నూటికి 23 మందికి మించియు, ఆంధ్రప్రదేశమున 29 మందికి మించియు పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారని తేలినది. ఆ యిండ్లన్నిట కూతుళ్లపై ప్రేమ లేదందుమా? ఒక్కొక్క యింట ఒక్కొక్క గొళ్లెము లేని తలుపున్నది. అది యేదియో తెలిసికొనుటయే మేము చదివిన చదువు.

సెలవులలో ఇంటికి పోయి నాయనమ్మకు ఇదంతయు చెప్పితిమి. ఆమెకు పండ్రెండవయేట పెండ్లియైనది. అప్పటికి చట్టము పదునైదేండ్లని చెప్పుచునే యుండెను. ఆమె చాలసేపు ఊరకుండి, "ఆ రోజు మా అమ్మ దొడ్లో కూర్చుని ఏడ్చిందే. ఎందుకమ్మా అని ఎవరూ అడగలేదు" అనెను. పట్టా మాట ఆమె మరి యెత్తలేదు.

మీ యింటి కుమారుడో కుమార్తెయో ఈ చదువును కోరినప్పుడు, జీతమెంతయని యడుగుడు. అడుగుట మీ ధర్మము. ఆ జీతము తక్కువయే యని దాచక చెప్పుచున్నాము. కాని సేవకు చదువేల యని మాత్రము త్రోసిపుచ్చకుడు. చదువు లేని మా సదుద్దేశము ఒక బాలికకు దెబ్బలు తెచ్చిపెట్టినది. ఆ తప్పును దిద్దుకొనుటకు దారి చూపినది, అంచున ఎఱ్ఱపెన్సిలుతో వ్రాసిన ఆ రెండు ప్రశ్నలు.