వస్తా ఉంది

ప్రియమైన మీకు,

ఇక్కడ తిరుపతిలో చలి మొదలైంది. పొద్దున్నే మేడ మీదికి వెళితే కొండ కనబడడం లేదు, మంచు విడిచేదాకా ఆగాలి. అలా కాఫీ గ్లాసుతో ఆగిన పొద్దుల్లోనే ఈ ఉత్తరం మనసులో రాసుకుంటూ వచ్చాను.

మీలో ఒకరు పోయినసారి ఇలా రాశారు: "ఈమధ్య నన్ను ఆఫీసులో టీమ్ లీడర్‌ని చేశారు. నా కింద తొమ్మిది మంది. నాకేమో నాయకత్వం రాదు. అది పుట్టుకతో ఉండాల్సింది కదండీ?" ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో. ప్రతిసారీ నా చూపు ఒక్క మాట దగ్గరే ఆగింది. 'రాదు' అన్నారు మీరు.

మన భాషలో ఈత వచ్చు, వంట వచ్చు, లెక్కలు వచ్చు అంటాం. విద్య ఎక్కడినుంచో బయలుదేరి మన ఇంటికి వస్తుందన్నట్టు. రాకపోతే 'రాదు' అంటాం. ఆ మాటలోనే చిక్కుంది. ఇంతవరకు రాలేదన్నా అదే మాట, ఇక ఎప్పటికీ రాదన్నా అదే మాట. బస్టాండులో మదనపల్లె బస్సు కోసం నిలబడ్డవాళ్లను అడిగి చూడండి, గంట నుంచి కాచుకుని ఉన్నా "ఇంకా రాలేదు" అంటారే గానీ "రాదు" అనరు. బస్సుకు ఇచ్చే ఆ గడువును మనకు మనం ఇచ్చుకోం.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కెరోల్ డ్వెక్ ఈ తేడా మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. తెలివి, సమర్థత పుట్టుకతో కొలిచి ఇచ్చినవి అనుకునే మనసు ఒకటి, అవి సాధనతో పెరిగేవి అనుకునే మనసు ఒకటి. ఈ రెండోదానికే గ్రోత్ మైండ్‌సెట్ అని పేరు. మనం ఎదిగే మనసు అందాం. 1998లో ఆమె, క్లాడియా ముల్లర్ కలిసి అయిదో తరగతి పిల్లల మీద జరిపిన ప్రయోగాలను ప్రకటించారు. కొన్ని చిక్కుప్రశ్నలు చేయించి, కొందరు పిల్లలను "తెలివైనవాళ్లు" అని, కొందరిని "బాగా శ్రమపడ్డారు" అని మెచ్చుకున్నారు. తెలివికి మెప్పు పొందిన పిల్లలు ఆ తర్వాత తేలికైన వాటివైపే మొగ్గారు. కష్టమైనవి ఇచ్చి, అవి చేయలేకపోయాక మళ్లీ మొదటివంటివే ఇస్తే, మొదటికంటే తక్కువ చేశారు. శ్రమకు మెప్పు పొందిన పిల్లలు మొదటికంటే బాగా చేశారు.

ఇది చదివినప్పుడు నిజమేననుకున్నాను, అంతే. మనసుకు పట్టింది మాత్రం పోయిన నెల శ్రీకాళహస్తిలో.

కలంకారీ పని చేసే ఒక ఇంటికి వెళ్లాను. మీకు తెలిసిందే, శ్రీకాళహస్తి కలంకారీలో అచ్చులుండవు, బొమ్మంతా చేత్తో గీసేదే. వెదురుపుల్లను చెక్కి, కొసకు పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించి కట్టింది కలం. ఉన్నిని మెల్లగా నొక్కుతుంటే రంగు కిందికి దిగుతుంది. గుడ్డను ముందే కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలవల్ల రంగు పక్కకు పాకదు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి మాగితే కసిమి తయారవుతుంది. ఆ కసిమి కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితే నలుపు. ఒకసారి పడిన నల్లగీతను చెరపడం కుదరదు.

ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. పూసినప్పుడు ఏమీ కనబడదు. తర్వాత ఎర్రరంగునిచ్చే వేర్లు, చెక్కలు వేసి గుడ్డను మరిగిస్తే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేస్తుంది. పూసినరోజు చూసి పనేమీ జరగలేదనుకుంటే పొరపాటే.

అక్కడ ఇరవై ఏళ్లుంటాయేమో, ఒక అమ్మాయి చాప మీద కూర్చుని చిలక రెక్కలకు రంగు నింపుతోంది. ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నావమ్మా అని అడిగాను.

"రెండేండ్లు మేడం."

"అయితే పని వచ్చేసినట్టే."

ఆ పిల్ల తల ఎత్తకుండానే అంది: "వస్తా ఉంది మేడం. ఆకులూ తీగలూ వచ్చినాయి. కండ్లు ఇంకా రాలే. కండ్లు మా సారే వేస్తారు."

ఎంత తేలిగ్గా అందో మీరు వినాల్సింది. సిగ్గుపడలేదు, గొప్పలు పోలేదు. వచ్చినదాన్ని, రానిదాన్ని రెండు బుట్టల్లో సర్దినట్టు చెప్పింది. వచ్చు, రాదు అనే రెండు మాటల మధ్య మా సీమవాళ్లకు ఇంకో మాట ఉందని, ఇన్నేళ్లుగా వింటూ కూడా నేను గుర్తించలేదు. వస్తా ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఆ ఇంటి పద్ధతి గురించి ఆలోచించాను. అనుభవమున్న కళాకారుడు గీతలు గీస్తాడు. కొత్తవాళ్లు రంగులు నింపుతారు, గుడ్డలు ఉతుకుతారు, ఉడకబెడతారు. ఆ వచ్చిన పనికి కూలి అందుతుంది కాబట్టి రాని పని కోసం ఆగగలుగుతారు. ఈ విద్య ఒకప్పుడు పోయేదశకు వచ్చింది. 1950ల చివర్లో, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో, శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టి కొత్తవాళ్లకు నేర్పించారు. ఆ ఊరి కళాకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు తండ్రి లక్ష్మయ్య గారి దగ్గర ఈ పని నేర్చుకున్నారు, కొంతకాలం బడిపంతులుగానూ ఉన్నారు, 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఈరోజు ఆ అమ్మాయి "వస్తా ఉంది" అనగలుగుతోందంటే, ఆమె వెనక ఇంతమంది ఉన్నారు.

ఇక్కడ మీకు నా మాట ఒకటి చెప్పాలి. చెప్పడం కష్టంగానే ఉంది.

చాలా ఏళ్ల కింద చిత్తూరులో ఒక ఆఫీసులో నేనొక సెక్షన్ చూసుకునేదాన్ని. పాత లెడ్జర్లు పోయి అన్నీ కంప్యూటర్‌లోకి మారుతున్న రోజులు. అందరి ముందూ నేను "ఇవి నాకు రావమ్మా" అనేదాన్ని. అది వినయమనే అనుకున్నాను. ఆరునెలలు తిరిగేసరికి సెక్షన్‌లో ఏడుగురుంటే అయిదుగురు అదే మాట అంటున్నారు. మేడంకే రానిది మాకెలా వస్తుందని. కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఒక్కతే పట్టుదలగా నేర్చుకుంది. మేమందరం కలిసి ఆ పిల్లకు ఏం బహుమానం ఇచ్చామో తెలుసా? మా పని కూడా ఆమె బల్ల మీదే పెట్టాం. "నీకు వచ్చు కదా" అన్నాం. ఏడాది దాటకుండానే అలిసిపోయి వెళ్లిపోయింది. ఆమె పక్కన కుర్చీ వేసుకుని "నాకు నేర్పమ్మా" అని ఒక్కరోజు అడిగి ఉంటే ఆ సెక్షన్ వేరేగా ఉండేది. నేనూ వేరేగా ఉండేదాన్ని.

ఇది చదివి మీలో కొందరు ఏమంటారో నాకు తెలుసు. "మనసు మార్చుకుంటే సరిపోతుందా? జీతం చాలనివాళ్లకు, ఇంటికెళితే వంటా పిల్లలూ ఉన్నవాళ్లకు, ఎదగమని చెప్పడం సులువే" అంటారు. న్యాయమైన మాటే. డ్వెక్‌తో పాటు మరికొందరు పరిశోధకులు 2019లో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనం కూడా మీ పక్షమే వస్తుంది. అమెరికాలో సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లల్లో కొందరికి, మెదడు సాధనతో పెరుగుతుందని గంటలోపు పాఠం ఒకటి చెప్పారు. వెనకబడిన పిల్లల మార్కులు పెరిగాయి, అదీ కొద్దిగానే. తోటిపిల్లలు కష్టమైన పనికి వెనకాడని బడుల్లో ఆ పాఠం నిలిచింది. మిగతా చోట్ల అంతగా నిలవలేదు. అంటే విత్తనం ఒక్కటే చాలదు, నేలలో పదును కూడా ఉండాలి. చెనక్కాయలు పండించే మన సీమ రైతుకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పదును చూడడమే నాయకుడి పని అని నా నమ్మకం. మా ప్రాంతంలో దీనికి కంటికెదురుగా ఉన్న ఉదాహరణ, తిరుపతి దగ్గరి కరకంబాడి. పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్ర నాయుడు గారు ఇంజనీరై, అమెరికాలో ఉద్యోగం చేసి తిరిగొచ్చి, 1985లో అమర రాజా సంస్థను స్థాపించారు. 1990ల చివర్లో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్‌తో చేయి కలిపారు, 2000లో అమరాన్ బ్యాటరీ వచ్చింది. లాభాల లెక్క నాకెందుకు గానీ, నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పెద్ద నగరం చూసుకోకుండా ఇక్కడి కరకంబాడిలో, పల్లెల మధ్యనే ఫ్యాక్టరీ కట్టారు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఆ పని రాదని తెలిసే కట్టారు. వస్తుందని నమ్మి, నేర్పే ఏర్పాటు చేసుకున్నారు. ఆయన సొంత ఊళ్లో ఇప్పుడు నైపుణ్య శిక్షణ కేంద్రం కూడా ఉంది.

టీమ్ లీడర్ గారూ, ఇక మీ దగ్గరికి వస్తాను. రేపు సోమవారం మీ తొమ్మిదిమందితో కూర్చున్నప్పుడు, మీకు నాయకత్వం వచ్చన్నట్టు నటించకండి, రాదని కూడా అనకండి. వాళ్లలో ఎవరికో మీకు తెలియని పని ఒకటి తెలిసి ఉంటుంది. అందరూ వింటుండగా, నేర్పమని అడగండి. ఎవరిదైనా గీత తప్పితే ఎవరు తప్పారని కాదు, చేయి ఎక్కడ తడబడిందని అడగండి. బాగా చేసినవాళ్లను మెచ్చుకునేటప్పుడు ఏం చేశారో విడమరిచి చెప్పండి. ముఖ్యంగా, పని వచ్చినవాళ్ల నెత్తిన రానివాళ్ల పని పెట్టకండి. ఇది మాత్రం నేను బతిమాలుతున్నానని అనుకోండి.

ఆ అమ్మాయి రంగు నింపిన చిలక గుడ్డ కొనుక్కొచ్చాను. ఇప్పుడు నా రాతబల్ల ఎదురుగా గోడ మీద ఉంది. ఆకులు, తీగలు, రెక్కలు ఆ అమ్మాయివి, కన్ను వాళ్ల సార్‌ది. సంక్రాంతి దాటాక మళ్లీ శ్రీకాళహస్తి వెళ్తాను. కండ్లు ఎంతవరకు వచ్చాయో చూసి మీకు రాస్తాను. మీ సోమవారం ఎలా గడిచిందో మీరు నాకు రాయాలి. మిగతావాళ్లు కూడా, మీకు ఏమేం వస్తా ఉన్నాయో రాయండి. చలిలో జాగ్రత్త.

ప్రేమతో,
మీ తిరుపతి నేస్తం