రంగం దారీ అండమాన్ దారీ

పాలకొల్లు క్షీరారామం గోపురాన్ని వెనక వదిలి నరసాపురం దారి పట్టాను. వెళ్ళవలసింది అంతర్వేది, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. కాలాపానీ (నల్లనీరు), అంటే అండమాన్ ద్వీపాంతరవాస శిక్ష గురించి మనం అలవాటుగా అనుకునే మాట ఒకటుంది: సముద్రం దాటితే కులం పోతుందని మనవాళ్ళు హడలిపోయేవారనీ, తెల్లదొరలు ఆ భయాన్నే శిక్షగా వాడుకున్నారనీ. ఈ దారిలో వెళ్తే ఆ మాట నిలవదు. డెల్టాకు నీటి భయం లేదు. భయమల్లా తిరిగి రాలేకపోవడమే.

పాలకొల్లులో డచ్చివారు పదిహేడో శతాబ్దంలోనే గిడ్డంగి పెట్టి, ఇక్కడి నేతబట్టను ఓడలకెక్కించారు. నరసాపురంలో ఆ రోజుల్లో ఓడలే కట్టేవారు. ఆ పక్క మాధవాయపాలెం పేరు మడపోలం బట్టగా సముద్రాలు దాటింది. తర్వాత కాకినాడ రేవు నుంచి వేలమంది రంగం (రంగూన్) వెళ్ళారు, బర్మా వరికోతల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, డబ్బుతో తిరిగొచ్చారు. రంగం దారీ అండమాన్ దారీ ఒకే బంగాళాఖాతంలోవి. ఒక దారిన కూలి వెళ్ళాడు, రెండో దారిన ఖైదీ వెళ్ళాడు.

శాస్త్రాల్లో సముద్రయాన నిషేధం ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ 1879 రంప పితూరీలో పట్టుబడి అండమాన్ చేరినవారు శాస్త్రం చదివి భయపడినవారు కారు, కొండల్లో పోడు కొట్టుకు బతికినవారు. ఎన్నడూ చూడని సముద్రం వారిని బెదిరించి ఉంటుందని ఒప్పుకుంటాను. అయితే అది కొత్త నీటి బెదురు, కులం పోతుందన్న దిగులు కాదు. మంచి నడత చూపిన ఖైదీలకు అక్కడ భూమి ఇచ్చేవారు, పెళ్ళీ చేసుకోనిచ్చేవారు, మరి అదంత క్రూరమా అని ఇంకొకరు అడగవచ్చు. ఊరు మరిచిపోతేనే దక్కే భూమి అది. పేరు పోయి, మెడలో నంబరు చెక్కిన కొయ్యబిళ్ళ పడ్డవాడికి పొలం దొరికినా ఇల్లు దొరకదు.

నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటుతుంటే ఒడ్డు పొడవునా కొబ్బరిచెట్లే. డొక్క ఒలిచి పీచు తీయడం ఈ సీమకు కూడు పెట్టే పని. అండమాన్‌లోని సెల్యులార్ జైల్లో అదే డొక్కను దంచి పీచు తీయించేవారు, గానుగకు మనుషుల్ని కట్టి కొబ్బరినూనె ఆడించేవారు. పని ఒకటే. సాయంత్రం ఇంటికి వెళ్ళేవాడికి అది బతుకుతెరువు, వెళ్ళలేనివాడికి శిక్ష.

మన్యంలో తిరగబడ్డ అల్లూరి సీతారామరాజు అనుచరులిద్దరు ఈ వాదానికి సాక్షులు. 1923లో పట్టుబడ్డ గాం మల్లుదొర అండమాన్ నుంచి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అగ్గిరాజు అక్కడే కన్నుమూశాడు. ఇద్దరూ దాటింది ఒకే నీరు. వచ్చినవాడు చరిత్రలో నిలిచాడు, రానివాడు మన మాటల్లో ఒక వాక్యమయ్యాడు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఎర్రటి గోదావరి నీరు సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ నలుపు ఎక్కడా లేదు. ద్వీపాంతరవాసాన్ని కాలాపానీ అని నీటి మీదికి నెట్టేయకూడదు. తిరుగుదారి మూసింది ప్రభుత్వం. ఆ మాట రాస్తేనే అగ్గిరాజుకు న్యాయం చేసినట్టు.