అశోక్‌నగర్‌లో మా పిట్టెలు

మేం ముగ్గురం. ఇద్దరిది ఉట్నూర్ వైపు గోండు గూడెం, ఒకడు భద్రాచలం అవతలి కోయ పిల్లగాడు. గ్రూప్స్ పరీక్షల కోసం వచ్చి అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు గదిలో పడ్డాం. పొద్దంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రికి గది. గది కిటికీ వెనక ఒక ఖాళీ ప్లాటు ఉండేది. ప్రహరీ సగం కూలిపోయి, వానాకాలంలో నడుమెత్తు గడ్డి లేచేది. నడుమ ఒక రేగు చెట్టు. చుట్టుపక్కల వాళ్లకు అది చెత్త పారేసే జాగా.

శ్రావణంలో గడ్డి కంకులు వేసింది. ఒకనాడు పొద్దున కోయ తమ్ముడు లేపాడు. "దాదా, మన పిట్టెలొచ్చినయ్ చూడు." గోండీలోనూ కోయలోనూ పిట్ట అంటే పిట్టె. ఆ ఒక్క మాట దగ్గర మా మూడు మంచాలు కలిసిపోతాయి.

ఇరవై దాకా ఉంటాయి. పిచ్చుక కన్నా చిన్నవి. తల, వీపు ఇటుక రంగు గోధుమ. పొట్ట మీద తెలుపు గోధుమ కలిసి చేప పొలుసుల్లాంటి గీతలు. మొద్దు ముక్కు. సన్నటి గడ్డి కాడ మీద వాలితే కాడ వంగుతుంది, పిట్ట మాత్రం వదలదు. అట్లనే వేలాడుతూ గింజను ముక్కులో తిప్పి, పొట్టు ఊడ్చి, పప్పు మింగుతుంది. లైబ్రరీలో సలీం అలీ పుస్తకం తీసి చూస్తే వీటిని మునియాలన్నారు. ఆయన 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసిన మనిషి. అంతకు ముందే, 1862-64 నడుమ, జెర్డన్ అనే సైనిక వైద్యుడు భారత పక్షుల మీద పెద్ద పుస్తకం రాస్తూ తెలుగు పేర్లు కూడా ఎక్కించాడు. అందులో ఈ జాతికి 'జినువాయి' అని ఉంది. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనగా మేం వినలేదు. మా చేలల్లో వీటిని గడ్డిపిట్టలనే వాళ్లం, కోపమొస్తే దొంగలు అనేవాళ్లం.

కోపం ఊరికే రాలేదు. జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు మంద దిగితే చేను ఒక మూల నుంచి ఖాళీ అవుతూ వస్తుంది. ఆ నెల రోజులు పిల్లలకు మంచె మీదే బడి. చేతిలో వడిసెల, పక్కన పగిలిన రేకు డబ్బా, చీకటి విడవకముందే అరుపులు. చదువుకున్న ఆశ్రమ పాఠశాలలో మాకు హాజరు తగ్గిందని ఒక సారు అందరి ముందు నిలబెట్టి "పిట్టలు కొట్టేటోళ్లకు పరీక్షలెందుకు" అన్నాడు. ఆ మాట ముగ్గురికీ వేర్వేరు ఊర్లలో, కొంచెం అటూ ఇటూగా, పడిందని ఈ గదిలోకి వచ్చాకే తెలిసింది. ఈ పుస్తకం చదివే టీచర్లకు ఒకటే చెప్తాం. మంచె మీద కూర్చున్న పిల్లకు ఏ పిట్ట ఏ పొద్దుకు ఏ కంకి మీద దిగుతుందో తెలుసు. అది అడిగి రాయించండి, పరిసరాల విజ్ఞానం పాఠం అందులోనే ఉంటుంది.

మేం చేసిన ఒక తెలివితక్కువ పని కూడా చెప్పాలి. వచ్చిన మొదటి ఏడు పాతబస్తీలో ఒక చోట తీగల పంజరాల్లో ఎర్రవి, పచ్చవి చిన్న పిట్టలు అమ్ముతుంటే చూశాం. జాలేసి, పైసలు పోగేసి నాలుగు కొన్నాం, ఇందిరా పార్కులో వదిలేద్దామని. అట్టపెట్టె తెరిస్తే అవి ఎగరలేదు, నేల మీద గెంతాయి. రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయి. గదికి తెచ్చి నీళ్లు పెడితే పచ్చరంగు నీళ్లలోకి దిగింది, కింద మామూలు గోధుమ పిట్ట బయటపడింది. తెల్లారేసరికి మూడు చచ్చాయి. నాలుగోది ఇంకో రెండు రోజులుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మాకు సిలబస్‌లో బిట్టు ప్రశ్న. అడవి పిట్టల వ్యాపారం 1991 నుంచి దేశంలో నిషేధం అన్నదీ నోట్సులో ఉంది. అయినా డబ్బిచ్చి కొన్నది మేమే. వదలడానికి కొన్నా అమ్మేవాడికి అది బేరమే, రేపు మళ్లీ వల వేస్తాడు.

నిజంగానే ఎర్రటి మునియా ఒకటుంది. తుంగ, రెల్లు ఉన్న తడి నేలల్లో తిరుగుతుంది. గుడ్లు పెట్టే కాలంలో మగది కుంకుమ పూసినట్టు ఎర్రబడి ఒంటినిండా తెల్ల చుక్కలు తేలతాయి, కాలం తీరాక మళ్లీ ఆడదానిలా మట్టిరంగుకు మారుతుంది. ఒకప్పుడు అహ్మదాబాద్ నుంచి ఓడలెక్కించి పంపేవాళ్లట, ఆ ఊరి పేరే వంకర తిరిగి దాని శాస్త్రీయ నామం 'అమందవ' అయింది. ఊరు విడిచి పోయినవాళ్ల పేరు పలకరానివాళ్ల నోట్లో ఏమవుతుందో మాకు కొత్త కాదు.

మా ప్లాటు పిట్టల మీద కెనడాలో, మాంట్రియల్‌లో పెద్ద పరిశోధనే జరిగింది. మందలో తల వంచి గెంతేది తిండి వెతుకుతోందట, తల ఎత్తి గెంతేది పక్కదానికి ఏం దొరికిందో కనిపెడుతోందట. ఒకే పిట్ట రెండు పనులూ మార్చి మార్చి చేస్తుంది. ఇది చదివి వినిపిస్తే కోయ తమ్ముడు పడీపడీ నవ్వాడు. గదిలో మెటీరియల్ కొనేది ఒకడు, జిరాక్సు తీసుకునేది ఇద్దరు. వచ్చే నెల కొనేవాడు మారతాడు.

భాద్రపదం వచ్చేసరికి ఒక జంట రేగు చెట్టులో గూడు కట్టింది. పొడుగు గడ్డిపోచలతో బంతిలాంటి గూడు, పక్కన చిన్న దారి. ఆడ, మగ చూడటానికి ఒకటే, పొదగడమూ ఇద్దరూ వంతులేసుకునే చేస్తారు. మగది పాడుతుందని పుస్తకంలో ఉంది. తల ఈకలు లేపి, నిలువుగా కూర్చుని, ముక్కు ఆడిస్తుంటే చూశాం గానీ మాకు పాట వినపడలేదు. దాని పాటే అంత సన్నం, పక్కన కూర్చున్న పిట్టకు తప్ప అందదు. ఇది నా జాగా అని అరిచి చెప్పే అలవాటు ఈ జాతికి లేదు.

గూట్లో పిల్లల చప్పుడు మొదలైన వారంలోపే ప్లాటు ముందు జేసీబీ ఆగింది. కిందికి దిగి పాలమూరు మేస్త్రీని అడిగాం. "అన్నా, ఆ చెట్టొక్కటి ఇరవై రోజులు ఆపుతారా?" అతను చెట్టు వైపు చూసి, "నా చేతుల ఏముంది తమ్మీ, సేటు చెప్తే కొట్టుడే" అన్నాడు. ఆ సాయంత్రం యజమాని వచ్చాడు. ఏమని అడగాలో ముగ్గురం గేటు దగ్గర గుసగుసలాడుతుండగానే ఆయన ఫోన్లో ఎవరితోనో అరుస్తున్నాడు. ఎల్లుండి నుంచి పితృపక్షాలు, అప్పుడు భూమిపూజ పెట్టుకుంటారా, దసరా దాటాకే అని. జేసీబీ వెనక్కి పోయింది. మేం నోరు తెరవాల్సిన పనే పడలేదు.

పదిహేను రోజుల పక్షాలు, ఆపైన నవరాత్రులు. లైబ్రరీకి వంతులేసుకుని వెళ్లాం, ఒకడు ఎప్పుడూ కిటికీ దగ్గర. తల్లీతండ్రీ పాలగింజలు మింగి వచ్చి పిల్లల నోట్లో కక్కేవి. బతుకమ్మ ఎత్తిన నాడు మొదటి పిల్ల దారిలోంచి బయటికి తల పెట్టింది. ఐదు లెక్కపెట్టాం. దసరాకి ఊరెళ్లి వచ్చేసరికి గూడు ఖాళీ, గడ్డిలో మంద పెరిగింది, పొట్ట మీద పొలుసులు లేని వట్టి గోధుమ పిల్లలు అందులో కలిసిపోయి ఉన్నాయి.

మూడోనాడు చెట్టు కొట్టారు. కూలికొచ్చిన ఒక అమ్మ చిన్నకూతురు గూడు తీసుకుని లోపల చెయ్యి పెట్టి చూసింది. "మెత్తగుంది" అని మాకు చూపించింది. ఉంచుకోమన్నాం.