చింతపండుతో తోమిన నాణెము

దేవతార్చన పెట్టెలో పాతనాణెము లేని తెలుగిల్లు అరుదు. మాకును మా అమ్మమ్మగా రొసగినవి నాలుగు గలవు. వానిలో నొకటి పెద్ద రాగిబిళ్ళ. ఒకవైపు సీతారామ పట్టాభిషేకము, మఱియొకవైపు ఈస్టిండియా కంపెనీవారి పేరును, 1818 అను సంవత్సరమును గలవు. దాని వెల లక్షలలో నుండునని బంధువులెల్ల చెప్పుచుండగా మేమును నమ్మియుంటిమి. ఇంట పెద్దలయొద్ద కావ్యములు చదివికొన్నవారము గదా, మాకు తెలియనిది లేదను భ్రమ కొంత యుండెను.

మావారు బడిలో చరిత్ర బోధింతురు. మా పట్టణమున నాణెములు సేకరించువారు నెలకొకసారి కూడుదురని విని మమ్ము వెంటబెట్టుకొని పోయిరి. బయలుదేరుటకు ముందు మేము చేసిన ఘనకార్య మొకటి కలదు. నలుగురి యెదుట మాసిన పాత్ర పెట్టుదుమా? నాణెములను చింతపండుతో తోమి, తళతళలాడించి, పట్టుగుడ్డలో మూట గట్టితిమి.

అచ్చట నున్నవారందఱు పురుషులే. మేము మూట విప్పి, కూర్చుండకమున్నే "వీని వెల యెంత?" యని యడిగితిమి. ఎవరును పలుకలేదు. పెద్దవారొకరు 1835వ సంవత్సరపు పావు అణాను అంచులు పట్టి యెత్తి, "అమ్మా, దీనిని కడిగిన దెవరు?" అనిరి. మేమే యని గర్వముగా చెప్పితిమి. రాగిపై తరతరములుగా పేరుకొన్న గోధుమవన్నె పొరయే దాని వయసునకు సాక్షి యనియు, తోమిన నాణె మెంత మెఱసినను విలువ కోల్పోవుననియు వారు మెల్లగా తెలిపిరి. ఇక 1818 బిళ్ళ మాట. పూజకై చేసిన రామటంకములు దేశమున పూర్వమునుండి కలవు గాని, కంపెనీవా రిట్టి నాణెమును ముద్రింపనే లేదట. తరువాత నెవరో చేసి యమ్మినవట. కొన్నిటిపై 1616 అనియు నుండునట! కంపెనీ పుట్టినదే 1600లో. 1616 నాటికి వారి రాయబారి జహంగీరు పాదుషా కొలువున వర్తకమునకు సెలవు వేడుచుండెను.

ఆ రాత్రి మేము మావారితో పలుకలేదు. తీసికొనిపోయిన పాపము వారిదే యనిపించినది.

అయినను మరునెల మరల పోతిమి. ఈసారి వెల యడుగలేదు. ఒక నోటుపుస్తకము తీసికొనిపోతిమి. ఒక్కొక్క నాణెము కంసాలి త్రాసున తూగిన తూకము, అడ్డుకొలత, ఎవరిచేత వచ్చినది, అన్నియు వ్రాసితిమి. పావు అణా ఆఱున్నర గ్రాములకు రవ్వంత తక్కువ. దాని యెదుట "మాచే తోమబడినది" అనియు వ్రాసితిమి. పెద్దవారు ఆ మాట చదివి నవ్వి, తమ భూతద్దమును మా చేతి కిచ్చిరి. హైదరాబాదు టంకశాలవారి నాణెమున సంవత్సరము క్రింద నక్షత్రము, ముంబయివారి దానిపై వజ్రపు గుర్తు ఉండుననియు, కలకత్తావారు గుర్తు వేయరనియు ఆనాడే నేర్చితిమి. మీ కొంగుముడిలోని రూపాయిని విప్పి చూడుడు. తరువాత నాఱుమాసములు వినుటయే మా పని.

ఒకనాడు క్రొత్తగా వచ్చిన యువకు డొకడు, అచ్చముగా మా బిళ్ళవంటి దానికి తొలిజీతమునుండి పదివేలు లెక్కపెట్టుచుండెను. అమ్మువాడు పాతకాపు, అందువలన గాబోలు, తక్కినవారు తలలు వంచుకొనిరి. మాకు గుండె దడదడలాడెను. అయినను మా బిళ్ళను ప్రక్కన పెట్టి, "నాయనా, ఇది మా యింటను కలదు. మేమును లక్షలని నమ్మితిమి. ఇది కంపెనీ నాణెము కాదు" అంటిమి.

"వంటింటివారికి నాణెముల సంగతి యేమి తెలియును?" అని అమ్మువాడు మండిపడెను.

పెద్దవారు మా పుస్తకమును తెఱచి బల్లపై నుంచిరి. "ఈమె తన తప్పును తానే వ్రాసికొన్నది. మీ బిళ్ళ యెక్కడినుండి వచ్చినదో వ్రాసిన పుస్తకమేది?"

అతడు బదులు చెప్పలేదు. యువకుడు నోట్లను జేబులో నుంచుకొనెను. నాటినుండి క్రొత్తవారెవరు వచ్చినను, వారి మూటను ముందుగా మా చేతికే యిచ్చుచున్నారు.

మా 1818 బిళ్ళ ఇప్పుడును దేవుని పీటపై నున్నది. నిత్యము కుంకుమ పెట్టుచున్నాము. చింతపండు మాత్రము పెట్టుట లేదు.