గోధుమ రంగు పిల్ల

మా అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నారు. పిల్ల బోరబండలో మా ఇంట్లోనే ఉండి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తోంది. ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే. "బయోడేటా నువ్వే రాయి, డిగ్రీ చదివావుగా" అంది అక్క ఫోన్‌లో. నేను చదివింది తెలుగు బీఏ అని ఆవిడకి ఎప్పుడూ గుర్తుండదు.

పేరు, నక్షత్రం, ఎత్తు గబగబా అయిపోయాయి. 'కాంప్లెక్షన్' దగ్గర ఆగాను. ఫెయిర్ అని రాయమని అక్క ముందే చెప్పింది. పిల్లేమో చామనచాయ. అంత అబద్ధానికి చెయ్యి రాక, మధ్యేమార్గంగా 'వీటిష్' అని టైపు చేశాను. పెళ్లి ప్రకటనల్లో, తప్పిపోయినవారి ప్రకటనల్లో ఎన్నేళ్లుగా చూస్తున్న మాట!

కింద ఎర్రగీత పడింది. పిల్లని పిలిచాను. చూసి నవ్వింది.

"స్పెల్లింగ్ కరెక్టే చిన్నమ్మా. మన దేశం బయట ఆ మాట పెద్దగా వాడరు, అందుకే గీత. అవునూ, గోధుమ గింజ రంగా, గోధుమ పిండి రంగా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మాట సుఖమే అది. చదివేవాళ్లు పిండి అనుకుంటారు. రేపు అడిగితే గింజ అన్నామని మనం తప్పించుకోవచ్చు.

"మరి సరైన మాట ఏంటే?"

"డస్కీ. డస్క్ అంటే మునిమాపు కదా."

ఎంత బాగుంది! కాలేజీలో చదివిన ప్రకృతి వికృతులు గుర్తొచ్చాయి. శ్యామకి వికృతి చామ. అంటే కృష్ణుడి రంగు. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఒంటి రంగు వల్లే వచ్చింది. అలాంటి రంగుకి ఇంగ్లిష్‌లో మనం పిండి పూస్తున్నాం. 2020లో షాదీ డాట్ కామ్ ఒంటి రంగుతో వెతికే వీలు తీసేసింది. ఫెయిర్ అండ్ లవ్లీ కూడా ఆ ఏడాదే గ్లో అండ్ లవ్లీ అయింది. మన బయోడేటాల్లో ఆ గడి మాత్రం కదల్లేదు.

'డస్కీ' అని కొట్టబోతే పిల్ల ఆపింది.

"పోయినసారి అమ్మ ఫెయిర్ అని రాసింది. పెళ్లిచూపుల్లో వాళ్లు నా మొహం చూసి, కాగితం చూసి, మళ్లీ మొహం చూశారు. ఏ మాటా వద్దు చిన్నమ్మా."

ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. గడి మొత్తం తీసేశాను. బాల్కనీ వెలుతురులో తీసిన ఫోటో పెట్టి పంపాను.

రాత్రి అక్క ఫోన్. "రంగు రాయలేదేంటే?"

"ఫోటోలో ఉందక్కా."

రెండు రోజులైంది. అక్క ఇంకా మాట్లాడటం లేదు.